ఖానాల హునర్‌కి చోరీ మాల్ ఎందుకు?

సాఫ్ సీదా చెప్పేస్తాను. పిక్సెల్ ఆర్ట్ నేర్చుకుంటానన్న పిల్లకి గానీ, పిల్లాడికి గానీ ఫోటోషాప్ అక్కర్లేదు. క్రాక్ చేసిన ఫోటోషాప్ అసలే అక్కర్లేదు. వేలకు వేలు ఫీజు గుంజే 'మల్టీమీడియా కోర్సు' కూడా అక్కర్లేదు. ఈ మూడింటినీ ఒకే మూటగట్టి మన ముహల్లాల్లో అమ్ముతున్నారు. మనవాళ్లు బేరం కూడా ఆడకుండా కొంటున్నారు. నా గుస్సా అదే.

నేను అఖ్‌బార్ వాణ్ని, కంప్యూటర్ ఇంజినీర్‌ని కాదు. కానీ ఖాందాన్‌లో ఒకడు కాయితం, కలం, కీబోర్డు పట్టుకు బతుకుతున్నాడంటే చాలు, ఇలాంటి సలహాలన్నీ వాడి నెత్తినే పడతాయి. "భాయ్, మా వాడికి గేమ్ బొమ్మలు గీసే షౌఖ్ పట్టింది, ఏం సాఫ్ట్‌వేర్ వేయించాలి?" అని అడుగుతారు. నేను జవాబు చెప్పేలోపు వాళ్లే, "కోచింగ్ సెంటర్ వాళ్లు ఫోటోషాప్ లేనిదే పని జరగదన్నారు, రిపేర్ షాపు కుర్రాడు రెండొందలకు ఫుల్ వెర్షన్ ఎక్కిస్తానన్నాడు" అని ముగిస్తారు. అడగడానికి కాదు, నాతో హాఁ అనిపించుకోడానికి చేస్తారు ఆ ఫోన్. నేను నక్కో అంటాను. ఎందుకు నక్కోనో ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ముందు పిక్సెల్ ఆర్ట్ అంటే ఏంటో తెలీని అమ్మీలకు, ఖాలాలకు ఒక మాట. మీరు దసూతీ కుట్టారు కదా? గళ్ల బట్ట పరుచుకుని, పక్కన గళ్ల కాయితం మీది నమూనా పెట్టుకుని, ఒక్కో ఖానాకి ఒక్కో టాకా వేస్తూ గులాబీ పువ్వో, చిలకో, తకియా గిలాఫ్ మీద ఒక పేరో తెప్పించారు కదా? (ఖానా అంటే తినేది కాదు బాబూ, గడి.) పిక్సెల్ ఆర్ట్ సరిగ్గా అదే. సూది బదులు మౌస్, దారం బదులు రంగు. కంప్యూటర్ తెర మీద కనబడే అతి చిన్న చుక్క పేరు పిక్సెల్. ఆ చుక్కల్ని ఒకటొకటిగా, లెక్క పెట్టి, కావాలని పెట్టడమే ఈ హునర్. 16 బై 16 గడుల బొమ్మ అంటే మొత్తం 256 ఖానాలు. మీరు జహేజ్ కోసం కుట్టిన టేబుల్ క్లాత్‌లో అంతకంటే ఎన్నో రెట్లు ఉండేవి. అంటే మన ఇళ్లలో మూడు తరాలుగా పిక్సెల్ ఆర్టిస్టులు ఉన్నారు, వాళ్లకి ఎవ్వరూ ఆ పేరు పెట్టలేదంతే. పోచంపల్లిలో ఇక్కత్ నేసేవాళ్లు డిజైన్‌ని ముందు గ్రాఫ్ కాయితం మీద గీసుకుని, ఆ లెక్క ప్రకారం నూలు కట్లు కట్టి రంగులో ముంచుతారు. ఏలూరు తివాచీలో ప్రతి ముడీ ఒక చుక్కే.

1984లో వచ్చిన మెకింతోష్ కంప్యూటర్ మీది చిన్న చిన్న బొమ్మల్ని, చెత్తబుట్టతో సహా, సూసన్ కేర్ అనే ఆమె గీసింది. మొదట ఏ సాఫ్ట్‌వేర్‌తో గీసింది? గళ్ల నోట్‌బుక్‌తో. 32 బై 32 గడులు గీసుకుని, పెన్నుతో నింపింది. 1989 నాటి గేమ్ బాయ్ తెర 160 బై 144 చుక్కలు, రంగు ఛాయలు నాలుగే. ఆ నాలుగు ఛాయల్లోనే కోట్లమంది పిల్లలు లోకాలు చూశారు. ఈ కళ పుట్టిందే తంగీలో. తక్కువ జాగా, తక్కువ రంగులు, తక్కువ మెమరీ. అలాంటి కళకి నెలనెలా కిరాయి కట్టే భారీ సాఫ్ట్‌వేర్ కావాలని చెప్పేవాడు రెండిట్లో ఒకటి: వాడికి ఈ కళ తెలీదు, లేదా మీ జేబు తెలుసు.

ఫోటోషాప్ చెడ్డదని అనట్లేదు. ఫోటోలు దిద్దడానికి దానికి మించింది లేదంటారు, ఒప్పుకుంటాను. కానీ దాని పుట్టుకే ఫోటో కోసం. పిక్సెల్ ఆర్ట్‌కి ఏం కావాలో దానికి సరిగ్గా ఉల్టా చేయడం దాని స్వభావం. బ్రష్ తీసి గీత గీస్తే అంచులు నునుపుగా కనబడాలని పక్కన సగం రంగు చుక్కలు తనే కలిపేస్తుంది. బొమ్మని పెద్దది చేస్తే చుక్కల్ని కలిపి మసక చేస్తుంది. పిక్సెల్ ఆర్ట్ వాడికి ఆ మసకే మౌత్. దాన్ని ఆపాలంటే బ్రష్ వదిలి పెన్సిల్ టూల్ పట్టుకోవాలి, సైజు మార్చేటప్పుడు 'నియరెస్ట్ నైబర్' అన్న చోట పెట్టాలి, ఇంకా నాలుగు చోట్ల నాలుగు మీటలు మార్చాలి. అప్పుడు గానీ అది దారికి రాదు. కొత్తగా నేర్చుకునే పిల్ల ఈ కుస్తీలోనే వారం గడిపి, 'నాకు రాదు' అని మూసేస్తుంది. రానిది ఆ పిల్లకి కాదు. పిండి జల్లించమని గొడ్డలి ఇచ్చాం మనం.

పైగా 2013 నుంచి ఆ కంపెనీ కొత్త వెర్షన్లను ఒకసారి కొని ఇంట్లో పెట్టుకునే పద్ధతి ఎత్తేసింది. చందా కట్టినన్నాళ్లే పని చేస్తుంది. కిరాయి ఇల్లన్నమాట. అద్దె ఆపితే తాళం. అందుకేగా రిపేర్ షాపు కుర్రాడి దగ్గరికి పరిగెత్తుతున్నది!

ఇప్పుడు అసలు మసలాకి వద్దాం. క్రాక్.

మనవాళ్ల దగ్గర దీనికి నాలుగు జవాబులు తయారుగా ఉంటాయి. "అందరూ అదే వాడుతున్నారు భాయ్." ఇది జవాబే కాదు, దీన్ని వదిలేస్తున్నాను. "నేర్చుకునే వరకే, తర్వాత కొంటాం." నా ఇరవై ఏళ్ల నౌకరీలో ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో, డిజైన్ షాపుల్లో 'నేర్చుకునే వరకే' అని క్రాక్ ఎక్కించినవాళ్లని చాలామందిని చూశాను. తర్వాత కొన్నవాణ్ని ఇంకా చూడాల్సి ఉంది. ఆ 'తర్వాత' ఖయామత్ తర్వాతేమో.

మూడోది కొంచెం జోరుగా చెబుతారు. "అది అమెరికా కంపెనీ. కోట్లు సంపాదించుకుంది. మనం ఒక కాపీ వాడితే వాళ్లకేం నుక్సాన్?" ఈ మాట మీద నాకు రెండు అభ్యంతరాలు. ఒకటి, నుక్సాన్ వాళ్లకెంత అన్నది కాదు సవాల్, హక్ ఎవరిది అన్నది. 1988 డిసెంబర్‌లో కువైట్‌లో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఒక తీర్మానం చేసింది. రచన మీద, కొత్తగా కనిపెట్టిన వస్తువు మీద, వ్యాపార పేరు మీద దాని యజమానికి ఉన్న హక్కు షరీఅత్ దృష్టిలో కూడా హక్కేనని, దాన్ని ఉల్లంఘించడం జాయిజ్ కాదని. నేను ఫత్వా ఇచ్చేవాణ్ని కాదు, అది మీ ముఫ్తీ సాబ్‌ని అడగండి. కానీ పక్కింటి చెప్పులు తొడుక్కుని మస్జిద్ నుంచి వచ్చేవాణ్ని చెప్పుల దొంగ అంటున్నాం కదా, మరి ఇదేంటి? రెండోది, పిక్సెల్ ఆర్ట్ సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ 'బడా కంపెనీ' వాదనే కుదరదు. ఈ పనికి లోకమంతా మెచ్చుకునే ఏస్‌ప్రైట్ అన్న సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని మొదలుపెట్టింది అర్జెంటీనాకి చెందిన డేవిడ్ కపేలో అనే ప్రోగ్రామర్. దాని వెనక ఉన్నది చిన్న టీమ్. మన గల్లీలో టైలర్ షాపు ఎంత ఉంటుందో అలాంటి దుకాణం. దాన్ని కూడా క్రాక్ చేసి పెన్‌డ్రైవ్‌లో పంచుతున్నారు. అమెరికా మీద కోపం అర్జెంటీనా దర్జీ మీద తీర్చుకోవడం ఎక్కడి ఇన్సాఫ్?

నాలుగోది మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. "మజ్‌బూరీ భాయ్. ఆటో నడిపేవాడు, పండ్ల బండి పెట్టేవాడు ఎక్కడి నుంచి తెస్తాడు డాలర్లు?" ఈ మాటలో దర్ద్ ఉంది. గరీబ్ ఇంటి పిల్లకి హునర్ నేర్చుకునే దారి మూసేయమని నేను ఎప్పటికీ చెప్పను. కానీ మజ్‌బూరీ అనే మాటకి ఒక షర్త్ ఉంటుంది: వేరే దారి లేకపోవాలి. ఎదురుగా నల్లా నీళ్లు వస్తుంటే పక్కవాడి ట్యాంకు తూట్లు పొడిచి మజ్‌బూరీ అంటే ఎవడు ఒప్పుకుంటాడు? ఈ పనికి పైసా ఖర్చు లేకుండా, చట్టం ఒప్పుకునేలా, తయారు చేసినవాళ్లే 'తీసుకోండి, వాడుకోండి, పంచుకోండి' అని చేతిలో పెట్టిన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఉన్నాయని మీకు ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్తారు? ఫ్రీగా దొరికేదాంట్లో కోచింగ్ సెంటర్‌కి ఫీజు ఎలా వస్తుంది?

చట్టం సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది. మన దేశపు 1957 కాపీరైట్ చట్టంలో 63బి అనే సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 సంవత్సరాల దాకా ఖైదు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జుర్మానా. వ్యాపారం కోసం కాదని తేలితే కోర్టు ఖైదు లేకుండా 50 వేల లోపు జుర్మానాతో వదలొచ్చు. పోలీసులు మీ ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ చూస్తారని భయపెట్టట్లేదు. కానీ మన పిల్లల పేరు మీద అక్కర్లేని ఒక కాయితం పుట్టే అవకాశం మనమే ఎందుకు ఇవ్వాలి? ఈ రోజుల్లో ఆ మాట విడమరిచి చెప్పాలా?

ఇంకోటి ఉంది, దీన్ని అబ్బాలు చెవి పెట్టి వినాలి. క్రాక్ ఎక్కించేటప్పుడు ఆ కుర్రాడు మొదట చేసే పని ఏంటో చూశారా? యాంటీ వైరస్ ఆపేస్తాడు. 'లేకపోతే ఎక్కదు అంకుల్' అంటాడు. చౌకీదార్‌ని పంపించేసి తలుపు తీసి, ముక్కూ మొహం తెలీనివాణ్ని లోపలికి రమ్మనడం అది. ఆ ఫైలు ఎవడు తయారు చేశాడో, లోపల ఇంకేం పెట్టాడో ఆ కుర్రాడికీ తెలీదు. అదే ల్యాప్‌టాప్‌లో మీ ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌వర్డ్, షాదీ ఫోటోలు, ఇంట్లో ఆడవాళ్ల ఫోటోలు ఉంటాయి. గుమ్మానికి పరదా వేసుకునే మనం, ఈ దర్వాజా మాత్రం బార్లా తెరిచి పెడతాం.

సరే, మరి ఏం వేయించాలి?

మొదటి సాయంత్రానికి ఏదీ వేయించొద్దు. బ్రౌజర్‌లో పిస్కెల్ అని ఒకటి తెరుచుకుంటుంది. ఫ్రీ. గీయడం, ఫ్రేములు పెట్టి కదిలించడం, దాచుకోవడం అన్నీ అందులోనే. షౌఖ్ నిజమైందా, నాలుగు రోజుల ముచ్చటా అన్నది తేలడానికి అది చాలు. షౌఖ్ నిలబడితే, ఇంట్లో ఉన్నది పాత ల్యాప్‌టాప్ అయితే లిబ్రెస్ప్రైట్ వేసుకోండి. కొంచెం కొత్త మెషిన్ అయితే పిక్సెలోరామా. రెండూ పూర్తిగా ఫ్రీ, రెండింటి సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, దోస్తుకి కాపీ ఇవ్వొచ్చు. పిక్సెలోరామాని గోడో అనే గేమ్ ఇంజన్ మీద కట్టారు. గోడో కూడా ఫ్రీ కాబట్టి, బొమ్మ గీసిన పిల్ల రేపు గేమ్ కూడా తయారు చేస్తానంటే కొత్తగా కొనాల్సింది ఏమీ ఉండదు. జింప్, క్రిటా అని పెద్దవి కూడా ఫ్రీగా ఉన్నాయి. మంచివే. కానీ ఈ ఒక్క పనికి అవి కూడా కాస్త ఎక్కువే. విండోస్‌తో వచ్చే పెయింట్ కూడా చెడ్డదేం కాదు, ఫ్రేములు కావాలనిపించేదాకా.

డబ్బులు పెట్టగలిగితే? అప్పుడు ఏస్‌ప్రైట్. దాని ధర 19.99 డాలర్లు. ఒకసారి కడితే చాలు, నెలనెలా కిరాయి లేదు. ట్రయల్ వెర్షన్ ఫ్రీగా ఇస్తారు గానీ అందులో గీసింది సేవ్ కాదు. రెండు ఈద్‌ల ఈదీ కలిపితే వచ్చే రకం అది. ఆ పిల్ల తన ఈదీతో తను కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ మీద పెట్టే ధ్యాస వేరుగా ఉంటుంది, రెండొందలకు ఎక్కించిన దొంగ మాల్ మీద పెట్టే ధ్యాస వేరుగా ఉంటుంది. ఇది నా అందాజా మాత్రమే కాదు, మా భాంజీని చూసి చెప్తున్నాను.

ఇక్కడ ఇంకో వైపు నుంచి కూడా కొందరు నా మీద ఎగబడతారు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ దోస్తులు. 2016 దాకా ఏస్‌ప్రైట్ జీపీఎల్ లైసెన్సు కింద ఉండేది, అంటే ఎవరైనా మార్చుకుని పంచుకునే ఇజాజత్ ఉండేది. ఆ ఏడాది కపేలో ఆ దారి మూసేశాడు. కోడ్ ఇప్పటికీ అందరికీ కనబడుతుంది, ఓపిక ఉంటే నీ కోసం నువ్వే తయారు చేసుకుని వాడుకోవచ్చు కూడా, కానీ పంచడానికి లేదు. దాంతో కొందరు పాత జీపీఎల్ కోడ్‌ని తీసుకుని లిబ్రెస్ప్రైట్ మొదలుపెట్టారు. 'కపేలో లాల్చీవాడు, వాడి సాఫ్ట్‌వేర్ కొనమని ఎలా చెప్తావ్' అని నాతో గొడవ. నాకు లాలచ్ కనబడలేదు. 2001లో మొదలుపెట్టి పదిహేనేళ్లు అందరికీ పంచిన మనిషి, తన మెహనత్‌తో తన ఇల్లు నడవాలనుకుంటే అది రోజీ. అయినా కోడ్ దాచేయలేదు, కిరాయి పద్ధతి పెట్టలేదు. లిబ్రెస్ప్రైట్ వాళ్లు చేసిందీ తప్పు కాదు. అతనే ఇచ్చిన లైసెన్సు ఇచ్చిన హక్కుని వాడుకున్నారు. ఒకటే మూలం నుంచి కొనేవాడికి ఒక దారి, కొనలేనివాడికి ఒక దారి దొరికింది. చోరీ చేసేవాడికి ఇక ఏ బహానా మిగల్లేదు. నాకు ఈ కథలో అందరికంటే నచ్చేది ఇదే.

ఎంచుకునేటప్పుడు 'ఎన్ని టూల్స్ ఉన్నాయి' అని లెక్కపెట్టకండి. ఒక పని చేసి చూడండి. 16 బై 16 కాన్వాస్, నాలుగు రంగులు. ఒక ఇరానీ చాయ్ కప్పు గీయమనండి. కప్పు మీద పొగ కదలాలి, నాలుగు ఫ్రేములు చాలు. ఇప్పుడు గమనించండి. ముందు ఫ్రేములో గీసింది నీడలా కింద కనబడుతోందా? దాన్ని ఆనియన్ స్కిన్ అంటారు, అది లేకపోతే పొగ కదలదు, గెంతుతుంది. కప్పు నీలం బాలేదనిపించి రంగుల పెట్టెలో ఆ నీలాన్ని మారిస్తే, బొమ్మలో నీలం ఉన్న చోటల్లా ఒకేసారి మార్చుకునే దారి ఉందా? ఉంటే పది నిమిషాల పని పది సెకన్లు. ఆ తర్వాత ఒక ఫర్ష్ రాయి గీయమనండి, మస్జిద్ వరండాలో నేల మీద ఉండే పూల టైల్ లాంటిది. పక్కపక్కన పెడితే అంచులు కలుస్తున్నాయో లేదో గీస్తుండగానే చూపించే టైల్ మోడ్ ఉండాలి. చివరికి బొమ్మని పెద్దది చేసి బయటికి తీయమనండి. 16 ని 160 చేస్తే, అంటే సరిగ్గా పది రెట్లు చేస్తే, ప్రతి ఖానా ఖానాలాగే నిలబడాలి. రెండున్నర రెట్లు లాంటి లెక్కలు పెడితే కొన్ని గడులు లావు, కొన్ని సన్నం అయిపోతాయి. అందుకే ఎప్పుడూ పూర్తి సంఖ్యల్లో పెంచాలి. పిస్కెల్ కంటే మిగతావి ఈ పనుల్లో కొంత ముందుంటాయి, కానీ పిస్కెల్, లిబ్రెస్ప్రైట్, పిక్సెలోరామా, ఏస్‌ప్రైట్ నాలుగూ ఈ ఇమ్తిహాన్‌కి కూర్చోగలవు. వాటిలో ఏది చేతికి అబ్బితే అది. ఆ ఫైసలా గీసే పిల్లది. అబ్బాది కాదు, మామూది కాదు.

ఒక విషయం మాత్రం పెద్దలు చూడాలి. ఫైలు. నా సొంత గోడు చెప్తాను. పాతికేళ్ల కింద తెలుగులో ఒక డీటీపీ సాఫ్ట్‌వేర్, ఉర్దూలో ఇంకోటి వాడేవాళ్లం. పేర్లు ఎందుకులెండి. వాటి ఫాంట్ల లిపి వాటికే అర్థమయ్యేది. ఆ రోజుల్లో నేను టైపు చేసిన వ్యాసాలు ఇప్పుడు తెరిస్తే తెలుగు కాదు, ఉర్దూ కాదు, ఇంగ్లిష్ అక్షరాల కిచిడీ. ఆ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి, ఆ ఫాంటు వెతికి, కన్వర్టర్లు పట్టుకుని సగం బయటికి లాగాను. సగం అలాగే ఉంది. రాసింది నేను, తాళంచెవి వేరేవాడి దగ్గర! మీ పిల్లలకి ఆ గతి పట్టకూడదు. ఏస్‌ప్రైట్ తన ఫైలు లోపల ఏముంటుందో మొత్తం రాసి అందరికీ బహిరంగంగా పెట్టింది. అందుకే వేరేవాళ్లు కూడా దాన్ని చదివే ప్రోగ్రాములు రాయగలుగుతున్నారు. అయినా సరే, గీసిన ప్రతిదాన్నీ పీఎన్‌జీగా ఒక కాపీ తీసి పెట్టుకోమనండి. జేపెగ్ వద్దు. జేపెగ్ బొమ్మని చిన్నది చేయడానికి రంగుల్ని నలిపేస్తుంది, ఫోటోలో కనబడదు గానీ పిక్సెల్ ఆర్ట్‌లో అంచుల చుట్టూ మురికి పట్టినట్టు కనబడుతుంది.

తస్వీర్ మసలా అడిగేవాళ్లు ఉన్నారు, తెలుసు. జాన్‌దార్ బొమ్మల గురించి మీ ఇంటి అఖీదా ఏదైతే అది, నేను మధ్యలోకి రాను. కానీ ఈ కళలో ఇళ్లు, చెట్లు, నేల, గోడలు, అక్షరాలు గీసేవాళ్ల పని కూడా బోలెడు ఉంటుంది. అక్షరాలంటే గుర్తొచ్చింది. మురబ్బా కూఫీ ఖత్ చూశారా? ఇస్ఫహాన్‌లో, సమర్ఖంద్‌లో మేమార్లు ఇటుకలూ టైల్సూ చదరంగా పేర్చి పాక పేర్లు రాశారు. వంపు లేదు, అంతా నిలువూ అడ్డం. కంప్యూటర్‌కి వందల ఏళ్ల ముందు అది పిక్సెల్ అక్షరం. నస్తాలీక్‌ని 16 గడుల్లో ఇరికించడం మాత్రం ఎంత ఉస్తాద్‌కైనా చుక్కలు చూపిస్తుంది. ప్రయత్నించి చూడమనండి, సరదాగా ఉంటుంది.

ఏఐ బొమ్మల గురించి రెండు మాటలే. 'ఇప్పుడు అడిగితే అదే గీసి ఇస్తుంది కదా' అంటున్నారు. ఇచ్చింది పెద్దది చేసి చూడండి. చాలాసార్లు గడులు ఒక సైజులో ఉండవు, ఒకే నలుపులో ఇరవై నలుపులు ఉంటాయి. దూరం నుంచి దసూతీలా కనబడే ప్రింటు బట్ట అది. దాన్ని గేమ్‌లో పెట్టాలంటే మళ్లీ చేత్తో దిద్దేవాడే కావాలి.

ఇప్పుడు నన్ను బాగా కుదిపే సంగతి. ఫోన్ చేసేవాళ్లలో 'మా వాడికి' అనేవాళ్లే ఎక్కువ. 'మా పిల్లకి' అని అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ల్యాప్‌టాప్ కొడుక్కి, కూతురికి అమ్మీ పాత ఫోన్. కొడుకు దాంట్లో రాత్రంతా గేమ్ ఆడతాడు, కూతురు ఆ పగిలిన ఫోన్ మీద వేలితో పూలు గీస్తుంది. ఫోన్‌లో పిక్సెల్ స్టూడియో, డాట్‌పిక్ట్ లాంటి యాప్‌లు ఉన్నాయి, ప్రకటనలు భరిస్తే ఫ్రీగానే గీయొచ్చు. ఏమీ లేనిదానికంటే మేలే. కానీ చిన్న తెర మీద వేలి కింద ఖానా కనబడదు, వేలు తీశాకే ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఇంట్లో కూర్చుని, మౌస్ ఒకటి పట్టుకుని, ఎవరి ముందూ నిలబడకుండా నేర్చుకోగలిగిన హునర్ ఇది. 'ఆడపిల్లని బయటికి పంపలేం' అని అన్నిటికీ అడ్డం చెప్పే అబ్బాలకి ఈ ఒక్కదానికి అడ్డం చెప్పే బహానా కూడా లేదు. రోజుకి రెండు గంటలు ఆ ల్యాప్‌టాప్ కూతురి ముందు పెట్టండి. కొడుకు ఏడిస్తే ఏడవనివ్వండి.

రోజీ దొరుకుతుందా అంటారు. గ్యారంటీ నేను ఇవ్వను. ఇచ్చేవాణ్ని నమ్మకండి. 'మూడు నెలల్లో గేమింగ్ కంపెనీలో జాబ్' అని బోర్డు పెట్టిన సెంటర్ ముందు ఒకరోజు నిలబడి, కిందటేడు నేర్చుకున్నవాళ్లు ఎక్కడున్నారని అడగండి. ఎరిక్ బరోన్ అనే అతను స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్‌ని, బొమ్మలు, సంగీతం, ప్రోగ్రాం అన్నీ ఒక్కడే నాలుగేళ్ల పైన కూర్చుని తయారు చేసి 2016లో విడుదల చేశాడు. అది లక్షల్లో కాదు, కోట్లలో అమ్ముడుపోయింది. అది చూపించి మీ పిల్ల కూడా అలా అవుతుందని చెప్పడం ధోకా. కానీ అతను ఆ ఊరూ పొలాలూ గీసింది ఖరీదైన సాఫ్ట్‌వేర్‌తో కాదు, ఫ్రీగా దొరికే పెయింట్ డాట్ నెట్‌తో అన్నది మాత్రం సచ్. గోడకి కట్టే సర్టిఫికెట్ ఎవరూ అడగరు ఈ పనిలో. గీసింది చూపించమంటారు. 'సర్టిఫికెట్ లేని చదువు దేనికి' అని నిన్న కూడా ఒక దోస్తు అన్నాడు. అదే దోస్తు ఇంట్లో కుట్టు మెషిన్ మీద ఇల్లు నడిపిన అమ్మీకి ఏ సర్టిఫికెట్ ఉందో అడిగితే ఫోన్ పెట్టేశాడు.

గీసిన చాయ్ కప్పులు నాకు పంపమని చెప్పాను కాబట్టి ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, అది నలిపి మసక చేసి పంపుతుంది. అటాచ్ నొక్కి డాక్యుమెంట్ అన్న చోట నుంచి పీఎన్‌జీని పంపండి. కప్పు ఏ సాఫ్ట్‌వేర్‌లో గీశారో కింద రాయండి, గీసిన పిల్ల వయసు కూడా.